ఫీల్డ్‌బస్‌కు రిడండెన్సీ: రింగ్ సరిపోతుందా, రెండు నెట్‌వర్క్‌లు కావాలా?

"కమ్యూనికేషన్ రిడండెంట్‌గా ఉండాలి." కొత్త ప్రాజెక్టు టెండర్లలో ఎక్కడో ఒకచోట ఈ లైను కనిపిస్తుంది. అంటే వాల్వ్‌లను, సెన్సర్లను, డ్రైవ్‌లను కంట్రోలర్‌తో కలిపే నెట్‌వర్క్‌లో (ఫీల్డ్‌బస్) ఒక దారి పోయినా డేటా ఇంకో దారిలో అందాలని. అంతకు మించి ఒక్క ముక్క ఉండదు. కేబుల్ తెగితే తట్టుకోవాలా, కార్డు పోతే తట్టుకోవాలా, కరెంటు పోతేనా? ఎంతసేపట్లో తేరుకోవాలి? ఎవరూ రాయరు. ఆ ఒక్క లైనుకు ఒక వెండర్ రింగ్ (కేబుల్ చుట్టూ తిరిగి మొదటికే వచ్చే వలయం) ఇస్తాడు, ఇంకొకరు రెండు సీపీయూలు (కంట్రోలర్లు) పెడతారు, మూడో ఆయన అన్నీ రెండేసి పెట్టి రేటు కూడా దాదాపు రెట్టింపు చేస్తాడు. కాగితం మీద ముగ్గురూ షరతు పాటించినట్టే. తేడా బయటపడేది కమిషనింగ్ అయిపోయి వెండర్ వెళ్ళిపోయాక, ఏ నైట్ షిఫ్టులోనో.

విశాఖలో పనిచేసే ఇన్‌స్ట్రుమెంటేషన్, ఆటోమేషన్ వాళ్ళకు ఈ ఎంపిక తరచూ ఎదురవుతుంది. ఇక్కడ స్టీల్ ప్లాంటు ఉంది, మల్కాపురం వైపు రిఫైనరీ ఉంది, పోర్టు కన్వేయర్లున్నాయి, పరవాడలో ఫార్మా సిటీ, పక్కనే సింహాద్రి థర్మల్, ఇంకాస్త ముందుకు పోతే అచ్యుతాపురం సెజ్. వీటన్నిటికీ ఒకే జవాబు పనికిరాదు. రోలింగ్ మిల్లుకు సరిపోయేది ఫార్మా రియాక్టర్‌కు దండగ. రియాక్టర్‌కు సరిపోయేది మిల్లులో పెడితే నష్టం.

ముందు గడువు తేల్చుకోండి

పద్ధతుల పేర్లు పక్కన పెట్టి ప్రాసెస్ ఇంజనీర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: కమ్యూనికేషన్ ఎంతసేపు ఆగితే మీ యూనిట్ ట్రిప్ అవుతుంది? "అసలు ఆగకూడదు" అంటారు. ఆ జవాబు తీసుకోకండి. కూర్చోబెట్టి లెక్క వేయించండి.

పెద్ద జాకెటెడ్ రియాక్టర్‌లో ఉష్ణోగ్రత నిమిషాల మీద కదులుతుంది. అక్కడ ఒక సెకను డేటా రాకపోయినా, అవుట్‌పుట్ చివరి విలువ దగ్గర నిలిచేలా సెట్ చేసి ఉంటే ఏమీ కాదు. సెట్ చేయకపోతే మాత్రం ఆ ఒక్క సెకనుకే వాల్వ్ మూసుకుపోవచ్చు. అది నెట్‌వర్క్ లోపం కాదు, పారామీటర్ లోపం. మిల్లు సంగతి వేరు. సెకనుకు 50 మీటర్ల వేగంతో వైర్ రాడ్ పోతుంటే 200 మిల్లీసెకన్లలో 10 మీటర్లు దాటిపోతుంది. స్టాండ్‌ల (రోలర్ల జతల) మధ్య స్పీడు రిఫరెన్స్ అంతసేపు తప్పితే రాడ్ దారి తప్పి చిక్కుపడి (కాబల్) కూర్చుంటుంది. కన్వేయర్ లైన్లలో రెండు మూడు వందల మిల్లీసెకన్లు సాధారణంగా భరించవచ్చు. పుల్ కార్డ్, ఎమర్జెన్సీ స్టాప్ సేఫ్టీ సర్క్యూట్‌లో ఉండాలి కాబట్టి అవి ఈ లెక్కలోకే రాకూడదు. రిడండెన్సీ ఉన్నది ప్లాంటు నడుస్తూ ఉండడానికి. మనిషి ప్రాణం కాపాడే పని వేరే డిజైన్‌ది. ఈ రెంటినీ కలిపి మాట్లాడేవారి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

ఈ గడువు చేతిలోకొస్తే సగం ఆప్షన్లు వాటంతటవే పోతాయి.

ఇక్కడ పాడయ్యేది ఏమిటి

రెండో ప్రశ్న ఇది. సీపీయూ పోయి ప్లాంటు ఆగడం అరుదు. మన దగ్గర ఎక్కువగా పోయేవి కనెక్టర్లు, కేబుళ్ళు, 24 వోల్టుల పవర్ సప్లైలు. సముద్రం మీది ఉప్పుగాలి, ఏడాదిలో ఎక్కువ నెలలు ఉండే తేమ, స్టీలు వైపు అయితే కోక్ దుమ్ము, ఇనుప రజను. పోర్టు వైపు జంక్షన్ బాక్సు గ్లాండ్ కాస్త వదులైనా చాలు, రెండు వర్షాకాలాలు గడిచేసరికి లోపల రాగి తీగల మీద పచ్చగా చిలుము పడుతుంది.

పాత ప్రొఫీబస్ లైన్‌లో ఒక డీబీ9 కనెక్టర్ విప్పి చూడండి. ఊదారంగు కేబుల్, లోపల ఎర్ర తీగ, పచ్చ తీగ, షీల్డ్ అల్లిక. షీల్డ్ బిగింపు కింద తెల్లటి పొడి కనిపిస్తే ఉప్పు చేరినట్టే. పక్కనే చిన్న స్విచ్ ఉంటుంది, టర్మినేటర్‌ది (కొసల్లో సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపే రెసిస్టర్లు). లైన్ చివరి రెండు కొసల్లోనే అది ఆన్‌లో ఉండాలి. మధ్యలో ఎవరైనా పొరపాటున ఆన్ చేస్తే చాలా రకాల కనెక్టర్లలో అవతలికి వెళ్ళే కేబుల్ అక్కడే తెగినట్టు అవుతుంది. ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. ఆ టర్మినేటర్ రెసిస్టర్లకు 5 వోల్టులు వచ్చేది ఆ చివరి పరికరం నుంచే. మెయింటెనెన్స్ కోసం చివరి డ్రైవ్ కరెంటు తీసేస్తే టర్మినేషన్ కూడా పోయి, ఏ పాపం తెలియని మిగతా స్టేషన్లు కూడా ఎర్రర్లు కొట్టడం మొదలుపెడతాయి. దీనికి రిడండెన్సీ అక్కర్లేదు. విడిగా పవర్ తీసుకునే యాక్టివ్ టర్మినేటర్ ఒకటి పెడితే చాలు. కొత్త పద్ధతి కొనే ముందు ఇలాంటివి సరిచేయండి. సగం తలనొప్పి ఇక్కడే తగ్గుతుంది.

పాత సీరియల్ బస్‌లు

ప్రొఫీబస్ డీపీ, మోడ్‌బస్ ఆర్‌టీయూ రెండూ సాధారణంగా ఆర్‌ఎస్-485 అనే సీరియల్ వైరింగ్ మీదే నడుస్తాయి. రాగి కేబుల్ మీద వీటికి రింగ్ లేదు. రెండు కొసలూ తెచ్చి కలిపేస్తే రింగ్ అవుతుందని అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అలా కలిపితే సిగ్నల్ ప్రతిబింబాలు పెరిగి, ఉన్న లైను కూడా చెడుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు.

ప్రొఫీబస్‌కు సరైన దారులు రెండు. ఒకటి ఆప్టికల్ లింక్ మాడ్యూళ్ళతో ఫైబర్ రింగ్ వేసి, ఒక్కో మాడ్యూల్ కింద చిన్న రాగి సెగ్మెంట్ పెట్టుకోవడం. ఫైబర్ ఒకచోట తెగినా రింగ్ రెండో వైపు నుంచి నడుస్తుంది. పైగా మెరుపులకు, ఎర్త్ తేడాలకు ఫైబర్ లొంగదు. బే నుంచి బేకు, షెడ్డు నుంచి షెడ్డుకు దూరం ఎక్కువ ఉన్నచోట నేను దీన్నే ఇష్టపడతాను. రాగి మీద 12 ఎంబీపీఎస్ వేగంలో సెగ్మెంట్ 100 మీటర్లే. 1.5 ఎంబీపీఎస్‌లో 200 మీటర్లు. 1200 మీటర్లు కావాలంటే 93.75 కేబీపీఎస్‌కు దిగాలి. వేగం తగ్గించడానికి ఒప్పుకునే ప్రాసెస్ అయితే ఆ ఒక్క మార్పుతోనే లైను ఎంతో దృఢమవుతుంది.

రెండోది పూర్తిగా రెండు బస్‌లు. హాట్ స్టాండ్‌బైలో (ఒకటి పోతే వెంటనే రెండోది అందుకునేలా) రెండు సీపీయూలు, ఒక్కోదానికి సొంత కేబుల్, ఫీల్డ్ సిగ్నళ్ళు వచ్చి పోయే ప్రతి రిమోట్ ఐఓ రాక్‌లో రెండు ఇంటర్‌ఫేస్ మాడ్యూళ్ళు. ఒక బస్ మొత్తం పోయినా రెండోది పట్టుకుంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్, పవర్ బాయిలర్ లాంటి ఆపలేని చోట్ల ఇది న్యాయమైన ఖర్చు. చిక్కంతా ఒకే పోర్టు ఉన్న డ్రైవ్‌లతో, వెయింగ్ కంట్రోలర్‌లతో వస్తుంది. వాటిని రెండు బస్‌లకు కలపడానికి వై-లింక్ వాడతారు. వై-లింక్ కింది సెగ్మెంట్ మాత్రం మళ్ళీ ఒంటి దారే అని గుర్తుంచుకోండి. డ్రాయింగ్‌లో పైభాగం జంటగా కనిపిస్తుంది కాబట్టి కింది భాగాన్ని ఎవరూ ప్రశ్నించరు.

మోడ్‌బస్ ఆర్‌టీయూ మీద ఎక్కువగా ఎనర్జీ మీటర్లు, చిన్న డ్రైవ్‌లు ఉంటాయి. ప్రొటోకాల్‌లో రిడండెన్సీ అంటూ ఏమీ లేదు. దాని కోసం తంటాలు పడకుండా ముఖ్యమైన సిగ్నల్ ఒకటి రెండు హార్డ్‌వైర్ చేసుకోండి.

రిఫైనరీల్లో, ఫార్మాలో వాల్వ్‌లు, ట్రాన్స్‌మిటర్లు ఫౌండేషన్ ఫీల్డ్‌బస్ హెచ్1 లేదా ప్రొఫీబస్ పీఏ మీద ఉంటాయి. రెంటి వేగమూ 31.25 కేబీపీఎస్. ఒకే జత తీగల మీద కరెంటు, డేటా కలిసి వస్తాయి. హెచ్1లో హోస్ట్ కార్డు, పవర్ కండిషనర్ జంటగా పెట్టుకోవచ్చు. ట్రంక్ కేబుల్ సాధారణంగా ఒకటే. హెచ్1లో నాకు బాగా నచ్చేది కంట్రోల్ ఇన్ ద ఫీల్డ్. పీఐడీ బ్లాక్ (లూప్‌ను నియంత్రించే లెక్క) వాల్వ్ పొజిషనర్‌లోనే నడుస్తుంది. బస్ టైమ్‌టేబుల్ నడిపే పని హోస్ట్ కార్డుది. అది పోతే, బ్యాకప్‌గా పెట్టిన ఫీల్డ్ పరికరం ఆ పని అందుకుంటుంది. కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ నల్లబడ్డా కింద లూప్ నడుస్తూనే ఉంటుంది. బ్యాకప్ కాన్ఫిగర్ చేశారో లేదో మాత్రం తప్పకుండా చూసుకోండి. డిఫాల్ట్‌గా వదిలేసిన ప్లాంట్లున్నాయి. ట్రంక్ ఒకటే కాబట్టి ఇక్కడ సెగ్మెంట్ పంపకమే రిడండెన్సీ. ఒక పంపు, దాని స్టాండ్‌బై పంపు రెంటి ఫ్లో కంట్రోలూ ఒకే సెగ్మెంట్‌లో పెడితే స్టాండ్‌బై పంపు ఉండీ లేనట్టే. పీఏలో అయితే రెండు కప్లర్ల (పీఏను డీపీతో కలిపే మాడ్యూళ్ళు) మధ్య యాక్టివ్ డిస్ట్రిబ్యూటర్లతో నిజమైన రింగ్ వేయవచ్చు. ట్రంక్ తెగిన చోట డిస్ట్రిబ్యూటర్లే టర్మినేషన్ పెట్టుకుంటాయి.

ఈథర్‌నెట్ బస్‌లు

ఇక్కడ పేర్లు చాలా ఉన్నా ఆలోచనలు రెండే. ఊళ్ళోంచి గాజువాక పోవాలంటే ఎన్ఏడీ మీదుగా హైవే ఉంది, సింధియా, మల్కాపురం మీదుగా ఇంకో దారి ఉంది. ఒక దారిలో పోతూ అది మూసేశారని తెలిశాక రెండో దారికి మళ్ళడం ఒక పద్ధతి. ఒకే ఉత్తరాన్ని ఇద్దరికిచ్చి రెండు దారుల్లో ఒకేసారి పంపి, ముందొచ్చినది తీసుకుని రెండోది పారేయడం ఇంకో పద్ధతి. ఎంఆర్‌పీ, డీఎల్ఆర్, ఆర్‌ఎస్‌టీపీ మొదటి రకం. పీఆర్‌పీ, హెచ్ఎస్ఆర్ రెండో రకం. మొదటి రకంలో దారి మళ్ళే లోపు కొంత సమయం పోతుంది. రెండో రకంలో ఏమీ పోదు.

ఆర్‌ఎస్‌టీపీని ముందే పక్కన పెట్టేస్తాను. మామూలు స్విచ్‌లన్నిటిలో ఉంటుంది, ఎన్ని దారులున్నా అల్లుకుంటుంది, స్కాడా (ప్లాంటును స్క్రీన్ మీద చూపించే సాఫ్ట్‌వేర్) సర్వర్ల మధ్య బ్యాక్‌బోన్‌కు బాగానే ఉంటుంది. తేరుకునే సమయం మాత్రం నెట్‌వర్క్ ఆకారాన్ని బట్టి, ఏ స్విచ్ పోయిందన్న దాన్ని బట్టి మారిపోతుంది. ముందుగా మాట ఇవ్వలేని సమయాన్ని ఐఓ నెట్‌వర్క్‌కు వాడకూడదు.

ప్రొఫీబస్ తర్వాత వచ్చిన ఈథర్‌నెట్ బస్ ప్రొఫీనెట్. ఎంఆర్‌పీ అందులో సర్వసాధారణం. ప్రమాణం ఐఈసీ 62439-2. రింగ్‌లో ఒక పరికరం మేనేజర్. అది తన రెండు పోర్టుల్లో ఒకదాన్ని డేటాకు మూసి ఉంచి, రింగ్ చుట్టూ టెస్ట్ ఫ్రేములు పంపుతూ ఉంటుంది. అవి తిరిగి రాకపోతే ఎక్కడో తెగిందని తెలుసుకుని మూసిన పోర్టు తెరుస్తుంది. ఎక్కువగా వాడే ప్రొఫైల్‌లో 50 పరికరాల దాకా గరిష్ఠంగా 200 మిల్లీసెకన్లు పడుతుంది. చౌక, స్విచ్‌లు విడిగా అక్కర్లేదు, చాలా ఐఓ మాడ్యూళ్ళలో రెండు పోర్టులు ఎలాగూ ఉంటాయి.

అయితే ఒక లెక్క చేయకుండా రింగ్ వేసేవాళ్ళే ఎక్కువ. ప్రొఫీనెట్ వాచ్‌డాగ్ (డేటా రాకపోతే ఎంతసేపు చూడాలన్న గడువు) మామూలుగా అప్‌డేట్ టైమ్‌కు 3 రెట్లు. అప్‌డేట్ 2 మిల్లీసెకన్లు పెట్టుకుంటే 6 మిల్లీసెకన్లలోనే పరికరం పోయిందని సీపీయూ తేల్చేస్తుంది. రింగ్ తేరుకునేలోపు ఐఓ మొత్తం డ్రాప్ అయి యూనిట్ ట్రిప్ అవుతుంది. రింగ్ ఉన్నా కేబుల్ తెగిన ప్రతిసారీ ప్లాంటు ఆగుతుంది, రింగ్ చెత్తదన్న పేరు వస్తుంది. అప్‌డేట్ 64 మిల్లీసెకన్లు, 4 సైకిళ్ళు తప్పినా పర్వాలేదు అని పెడితే 256 మిల్లీసెకన్లవుతుంది, 200 దాటుతుంది కాబట్టి సాఫీగా గడిచిపోతుంది. మీ ప్రాసెస్ 64 మిల్లీసెకన్ల అప్‌డేట్ ఒప్పుకోదంటే సైకిళ్ళ సంఖ్య పెంచండి. మొత్తం 256 మిల్లీసెకన్లు డేటా ఆగడమే ఒప్పుకోదంటే ఎంఆర్‌పీ మీకు కాదు, అంతే. ఇంకో జాగ్రత్త: మేనేజర్ కాన్ఫిగర్ కాకుండా రింగ్ చివరి కేబుల్ పెట్టకండి. బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు గిరగిరా తిరిగి నెట్‌వర్క్ మొత్తం కుప్పకూలుతుంది.

ఈథర్‌నెట్/ఐపీ వాడేవాళ్ళకు డీఎల్ఆర్ ఉంది. పని తీరు ఎంఆర్‌పీ లాంటిదే. సూపర్‌వైజర్ ప్రతి 400 మైక్రోసెకన్లకు బీకన్ పంపుతుంది, 50 నోడ్‌ల రింగ్‌లో 3 మిల్లీసెకన్లలోపే తేరుకుంటుంది. ఇంత వేగం ఉంది కాబట్టి వాచ్‌డాగ్ లెక్కలతో తల పట్టుకోనక్కర్లేదు. మీ సీపీయూ కుటుంబం అదే అయితే ఇంకో ఆలోచన లేకుండా దీన్ని తీసుకోండి. ఒంటి పోర్టు పరికరాలను నేరుగా రింగ్‌లో పెట్టకుండా ట్యాప్ ద్వారా కలపాలి. ఈథర్‌క్యాట్‌లోనూ మాస్టర్‌కు రెండో పోర్టు ఇచ్చి రింగ్ చేయవచ్చు. ఒక తెగుడును చక్కగా తట్టుకుంటుంది. మెషిన్ లోపలి వాడకానికి మంచిది.

పీఆర్‌పీ, హెచ్ఎస్ఆర్ ఐఈసీ 62439-3లో ఉన్నాయి. పీఆర్‌పీలో రెండు నెట్‌వర్క్‌లు పూర్తిగా వేరువేరు. పరికరం ప్రతి ఫ్రేమును రెంటిలోనూ పంపుతుంది, చివర 6 బైట్ల తోక తగిలించి. ఆ తోక చూసే అవతలి పరికరం రెండో కాపీని పారేస్తుంది. స్విచ్‌లు మామూలువే సరిపోతాయి, ఆ 6 బైట్లు పెరిగిన పెద్ద ఫ్రేములను కింద పడేయకుండా ఉంటే చాలు. స్విచ్‌లు, కేబుళ్ళు రెట్టింపు కాబట్టి ఖర్చూ దాదాపు అంతే. హెచ్ఎస్ఆర్‌లో రింగ్ ఒకటే, ప్రతి ఫ్రేమూ రెండు వైపులా తిరుగుతుంది. స్విచ్‌లు మిగులుతాయి, రింగ్ సామర్థ్యం మాత్రం దాదాపు సగమవుతుంది, పైగా ప్రతి నోడ్‌లోనూ దానికి తగ్గ హార్డ్‌వేర్ ఉండాలి. లేనివాటికి మధ్యలో రెడ్‌బాక్స్ అనే అడాప్టర్ కావాలి. ఈ రెండూ ఎక్కువగా సబ్‌స్టేషన్ల ఆటోమేషన్‌లో స్థిరపడ్డాయి. మెయిన్ రిసీవింగ్ సబ్‌స్టేషన్‌కైతే వెనకాడకుండా పీఆర్‌పీ తీసుకోండి. పది ఐఓ రాక్‌ల ప్యాకింగ్ లైన్‌కు పీఆర్‌పీ అడిగితే, ఆ డబ్బుతో మంచి కనెక్టర్లు, రెండో పవర్ సప్లై కొనమని చెబుతాను.

రెండో దారి నిజంగా రెండోదేనా?

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. ఈ చుట్టుపక్కల ఒక ప్లాంటులో ఫైబర్ రింగ్ చూశాను. డ్రాయింగ్‌లో అందమైన వృత్తం. సైట్‌లో వెళ్ళే ఫైబర్, తిరిగొచ్చే ఫైబర్ రెండూ ఒకే కేబుల్ ట్రేలో పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. పైన ప్లాట్‌ఫాం మీద గ్యాస్ కటింగ్ జరుగుతుంటే కరిగిన ఇనుము ట్రేలో పడింది. రెండూ ఒకేసారి కాలిపోయాయి. అక్కడ రింగ్‌కు పెట్టిన ఖర్చంతా వృథా. ఆర్మర్డ్ కేబుల్‌లో 12 కోర్లు ఉన్నాయి, 4 వాడి 8 స్పేర్ ఉంచాం అని చెప్పేవాళ్ళ పరిస్థితీ అంతే. పొక్లెయిన్ తవ్వినప్పుడు స్పేర్ కోర్లను వదిలి మిగతావే తెంపదు.

కాబట్టి టెండర్‌లో రాయాల్సిన మొదటి మాట ప్రొటోకాల్ పేరు కాదు, రూటు. వెళ్ళేది ఉత్తరం వైపు ట్రెంచ్‌లో అయితే వచ్చేది దక్షిణం వైపు ఓవర్‌హెడ్ ట్రేలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇక్కడ తీరం దాటినప్పుడు నేలమీద నిలబడ్డవి ఏమయ్యాయో ఊరంతా చూసింది. అందుకే రెండు దారులూ ఓవర్‌హెడ్‌గా ఉండకుండా ఒకటైనా భూమిలో ఉండాలంటాను. స్టాకర్-రీక్లెయిమర్ లాంటి కదిలే యంత్రాల మీద కేబుల్ రీలింగ్ డ్రమ్ ఒకటే కాబట్టి రెండో దారిగా వైర్‌లెస్ పెట్టడమే అర్థవంతం.

కరెంటు సంగతీ ఇంతే. రెండు స్విచ్‌లున్నా రెంటికీ ఒకే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి 24 వోల్టులు వస్తుంటే అది ఒంటి నెట్‌వర్కే. రెండు సప్లైలు, రెండు వేర్వేరు యూపీఎస్ ఫీడర్లు, మధ్యలో డయోడ్ మాడ్యూల్ ఉండాలి.

మొదటి లోపం ఎవరికి తెలుస్తుంది?

రిడండెన్సీ బాగా పనిచేస్తే కేబుల్ తెగినట్టు ఎవరికీ తెలియదు. ప్రమాదమంతా అక్కడే ఉంది. రింగ్ ఈ నెలలో తెగి లైన్‌గా మారిపోయి ఉంటుంది. ఆరు నెలల తర్వాత రెండో చోట తెగినప్పుడు ప్లాంటు ఆగుతుంది, "రింగ్ ఉన్నా ఆగిపోయింది" అని రిపోర్టు రాస్తారు. పీఆర్‌పీలో ఇది ఇంకా ఘోరం, ఒక నెట్‌వర్క్ మొత్తం చచ్చినా డేటాలో చిన్న కుదుపు కూడా కనిపించదు.

అందుకని ఏ పద్ధతి తీసుకున్నా రింగ్ ఓపెన్ అలారం ఆపరేటర్ స్క్రీన్ మీదకు రావాలి, షిఫ్ట్ లాగ్‌బుక్‌లో ఎక్కాలి. సాఫ్ట్‌వేర్‌తో తెచ్చుకోవడం కుదరని పాత ప్లాంట్లలో సులువైన ఉపాయం ఉంది. ఇండస్ట్రియల్ స్విచ్‌లలో ఎక్కువవాటికి ఫాల్ట్ రిలే కాంటాక్ట్ ఉంటుంది. దాన్ని ఖాళీగా ఉన్న ఒక డిజిటల్ ఇన్‌పుట్‌కు రెండు తీగలతో కలిపేయండి. ఖర్చు లేని ఈ పనిని చేయకుండా వదిలేసిన ప్యానెళ్ళు చాలా కనిపిస్తాయి.

నేనైతే

ఫార్మా బ్యాచ్ ప్లాంటుకు వాచ్‌డాగ్ లెక్క చూసుకుని ఎంఆర్‌పీ రింగ్, జంట పవర్ సప్లైలు తీసుకుంటాను. పోర్టు కన్వేయర్ల పొడుగు లైన్లకూ అదే రింగ్, ఫైబర్ మీద, రెండు వేర్వేరు దారుల్లో. రిఫైనరీ లూప్‌లకు జంట హెచ్1 కార్డులు, జంట కండిషనర్లు, సెగ్మెంట్లను బుద్ధిగా పంచుకోవడం. బాయిలర్‌కు, ఫర్నేస్‌కు రెండు సీపీయూలు, రెండు బస్‌లు. మిల్లు డ్రైవ్‌ల మధ్య మాత్రం 200 మిల్లీసెకన్ల రింగ్‌ను ఒప్పుకోను. డీఎల్ఆర్ గానీ, కుదుపు లేని పద్ధతి గానీ ఉండాలి. అది కుదరకపోతే దూరం తక్కువ ఉండే ఒంటి లైనే మేలు, రక్షణ కండ్యూట్‌లో వేసి.

పరీక్ష విషయంలో వెండర్‌తో మొహమాటం వద్దు. లోడ్ మీద నడుస్తుండగా కేబుల్ పీకించండి. మేనేజర్ స్విచ్ కరెంటు తీయించండి. ఒక ఎస్‌ఎంపీఎస్ ఆపించండి. ప్రతిసారీ అలారం వచ్చిందా, ఎంతసేపట్లో వచ్చింది రాసుకోండి. పీకిన కేబుల్ తిరిగి పెట్టేటప్పుడు కూడా గమనించండి. రింగ్ మళ్ళీ మూసుకునేటప్పుడు రెండోసారి దారి మారుతుంది, పీకినప్పుడు నిలబడిన ఐఓ కొన్నిచోట్ల పెట్టినప్పుడు పడిపోతుంది. ఈ పరీక్షలన్నిటినీ ఏటా సెప్టెంబరులో, తుపాన్ల రోజులు మొదలవకముందే ఒకసారి చేసేలా మెయింటెనెన్స్ షెడ్యూల్‌లో వేయించండి.